పండుగ పూట చెయ్యి అడ్డుపెట్టినవాళ్లకు

సంక్రాంతి, కనుమ రెండు రోజుల్లోనూ గాయపడ్డవాళ్లను మా క్యాజువాల్టీకి తీసుకొచ్చిన మీ అందరికీ మా నర్సులు, డ్యూటీ డాక్టర్లు, డ్రెస్సింగ్ గది సిబ్బంది తరఫున నమస్కారం. మీలో చాలామంది పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు. మంచిదే, అది మీ ఇష్టం. కానీ మీరు చేసిన పని ఎంత సరిగ్గా చేశారో మీకు చెప్పకుండా ఊరుకోలేం. పేషెంట్ల పేర్లు, ఏరియాలు రాయడం లేదు. చదువుతుంటే ఎవరి సంగతో మీకే తెలిసిపోతుంది.

ముందుగా ఫ్లైఓవర్ మీద బండి ఆపిన అన్నకు. బైకు మీద పోతున్న కుర్రాడి మెడకు గాలిపటాలకు కట్టే చైనా మాంజా అడ్డం వచ్చి ఎడమ పక్క కోసుకుపోయింది. నూలు దారమైతే పుటుక్కున తెగేది. నైలాన్ తెగదు. బండి వేగమంతా ఆ సన్నటి దారం మీదే పడి చర్మం, కండ దాటి రక్తనాళం దాకా దిగుతుంది. నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ 2017లోనే దీన్ని దేశమంతటా నిషేధించింది. అయినా జనవరి వస్తే ఈ గాయాలు మా దగ్గరికి వస్తూనే ఉన్నాయి.

అన్నా, మీరు తువ్వాలును నాలుగు మడతలు పెట్టి, నెత్తురు ఉబికే చోటే మూడు వేళ్లతో గట్టిగా అదిమారు. అదీ ఒక్క పక్కనే. మెడకు రెండు పక్కలా మెదడుకు నెత్తురు మోసే ధమనులుంటాయి, మధ్యలో శ్వాసనాళం. రెండు పక్కలా కలిపి నొక్కితే మనిషి స్పృహ తప్పుతాడు, మధ్యలో నొక్కితే ఊపిరి ఆడదు. కంగారులో చాలామంది మెడ చుట్టూ గుడ్డ చుట్టి ముడి వేసేస్తారు. లోపల నెత్తురు గూడుకట్టి మెడ వాచేకొద్దీ ఆ ముడి బిగుసుకుపోతుంది. మీరు ముడి జోలికే పోలేదు.

తువ్వాలు తడిసినా ఎత్తి చూడలేదు. దాని మీదే కర్చీఫ్ పెట్టి, వేళ్లు కాస్త జరిపి మళ్లీ అదిమారు. ఈ జరపడం దగ్గరే మాకు ముచ్చటేసింది. గుడ్డ తడిసిపోతోందంటే చాలాసార్లు గుడ్డ చాలక కాదు, వేళ్లు కారే చోట లేక. గుడ్డల మీద గుడ్డలు పేర్చుకుంటూ పోతే ఒత్తిడి పలచబడిపోతుంది తప్ప నెత్తురు ఆగదు. ఇక "ఆగిందా?" అని నిమిషానికోసారి ఎత్తి చూస్తే, అప్పుడప్పుడే కడుతున్న గడ్డ గుడ్డతోపాటే ఊడి వస్తుంది. చేతికో కాలికో తెగితే గడియారం చూసుకుని కనీసం 10 నిమిషాలు కదపకుండా నొక్కాలి. మెడకైతే ఆస్పత్రిలో ఇంకొకరి చెయ్యి వచ్చేదాకా వదలకూడదు. మీరు అంబులెన్సులోనూ వదల్లేదు. మా సిస్టర్ తన వేళ్లు మీ వేళ్ల పక్కనుంచి లోపలికి పోనిచ్చి "పట్టుకున్నా, ఇప్పుడు తియ్యండి" అన్నాకే మీరు చెయ్యి తీశారు.

కుర్రాణ్ని కూర్చోబెట్టకుండా వెల్లకిలా పడుకోబెట్టడం కూడా ప్రాణం నిలిపిన పనే. తల పైకెత్తి ఉన్నప్పుడు మెడలో తెగిన సిర గాలిని లోపలికి పీల్చుకోగలదు, ఆ గాలి నేరుగా గుండెకు చేరుతుంది. పడుకోబెట్టి, గాయాన్ని మూసి ఉంచితే ఆ గండం తప్పుతుంది. నోట్లోంచి నెత్తురు వస్తూ ఊపిరికి ఇబ్బంది పడేవాణ్ని మాత్రం వెల్లకిలా ఉంచకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మీతో ఉన్న తమ్ముడికి కూడా వందనం. బండి మీంచి పడ్డవాడు కాబట్టి మెడ ఎముక సంగతి తెలియదని, తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. హెల్మెట్ లాగకుండా అద్దం మాత్రం పైకెత్తాడు. గాయంలో ఇరుక్కున్న దారాన్ని పీకకుండా రెండు కొసలూ బయటే కత్తిరించి వదిలేశారు. గాయంలో దిగినది ఏదైనా, గాజు ముక్కయినా ఇనుప చువ్వయినా, లోపల నాళానికి అదే బిరడాగా ఉండొచ్చు. తీసేది ఆపరేషన్ థియేటర్లోనే.

తర్వాత అట్లకాడ పట్టుకున్న అక్కకు.

బాల్కనీ గాజు తలుపు పగిలి మీ పక్కింటాయన ముంజేయి తెగింది. మీరు ముందు నొక్కి చూశారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా నెత్తురు చిమ్ముతూనే ఉంది, ఎర్రగా, దరువేసినట్టు. అది ధమని. అప్పుడు చున్నీని నాలుగు వేళ్ల వెడల్పున మడిచి మోచేతికి పైన, కీలు మీద పడకుండా చుట్టి ఒక ముడి వేశారు. ఆ ముడి మీద అట్లకాడ పెట్టి ఇంకో ముడి వేసి, నెత్తురు పూర్తిగా ఆగేదాకా మెలితిప్పి, కాడ వెనక్కి తిరిగిపోకుండా కట్టేశారు. ఆయన నొప్పికి అరిచినా సడలించలేదు. సరిగ్గా బిగించిన కట్టు నొప్పి పుట్టిస్తుంది, తప్పదు. అసలు ప్రమాదం సగం బిగించిన కట్టుతో. పైపైన ఉండే సిరలు మూసుకుపోతాయి, లోతున ఉన్న ధమని మాత్రం పారుతూనే ఉంటుంది. చేతిలోకి వెళ్లిన నెత్తురు వెనక్కి పోలేక గాయంలోంచే వస్తుంది, అంటే కట్టకముందు కన్నా ఎక్కువ పోతుంది. సుతిలి తాడు, కరెంటు వైరు లాంటివి కడితే అవి చర్మాన్ని, నరాలను కోసేస్తాయి. వెడల్పు గుడ్డ, తిప్పడానికి గట్టి కాడ, ఈ రెండూ ఉండాలి.

మీరు ఆయన నుదుటి మీద బాల్‌పెన్నుతో "4.20" అని రాశారు. రాగానే మేము చూసింది దాన్నే. ఇలా కట్టిన కట్టును సుమారు రెండు గంటల్లోపు విప్పగలిగితే చెయ్యికి ముప్పు తక్కువ. టైము తెలియకపోతే సర్జన్ ఊహ మీద పనిచేయాల్సి వస్తుంది. మధ్యమధ్యలో వదులు చేసి మళ్లీ బిగించడం పాత అలవాటు. ప్రతి సడలింపుకీ నెత్తురు పోతుంది, వద్దు. మీరు అదీ చేయలేదు.

ఇంకో కుటుంబం గాలిపటం వెనక పరిగెత్తి డాబా మీంచి పడ్డ ఇంటర్ పిల్లాణ్ని తెచ్చింది. పైకి పెద్దగా నెత్తురు లేదు. అలాంటివాళ్లనే లేపి కూర్చోబెట్టి, మొహం మీద నీళ్లు చల్లి, గ్లూకోజు తాగించి, ఓ గంట చూద్దామని ఇంట్లో ఉంచేస్తుంటారు. మీరు ఉంచలేదు. తొడ ఎముక విరిగితే చర్మం చెక్కు చెదరకుండానే తొడ లోపల లీటరు నుంచి లీటరున్నర నెత్తురు చేరొచ్చు. 60 కిలోల మనిషి ఒంట్లో ఉండేదే దాదాపు 4.2 లీటర్లు. అందులో మూడో వంతుకు దగ్గరగా పోయేదాకా బీపీ చాలామందిలో పడిపోదు. వయసులో ఉన్నవాళ్ల గుండె వేగంగా కొట్టుకుంటూ, చేతులు కాళ్ల నాళాలు ముడుచుకుంటూ దాన్ని నిలబెట్టేస్తాయి. కాబట్టి "బీపీ బానే ఉంది" అన్న మాటను నమ్మి కూర్చోకూడదు. ముందే కనిపించేవి వేరు: చల్లటి చెమట, పాలిపోయిన పెదాలు, దాహం, కుదురులేకపోవడం, పరుగెత్తే నాడి. గోరు 5 సెకన్లు నొక్కి వదిలితే రంగు 2 సెకన్లలో తిరిగి రావాలి. రాలేదంటే అక్కడికి నెత్తురు సరిగ్గా అందడం లేదని అర్థం.

మీ ఇంట్లో ఎవరో ఓ అట్ట ముక్క మీద పది నిమిషాలకోసారి నాడి రాసి ఉంచారు: 96, 112, 124. ఆ మూడు అంకెలు చూసే, స్కానింగు కన్నా ముందే మేము బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేశాం. దాహం అని ఏడుస్తున్నా నీళ్లివ్వకుండా పెదాలు మాత్రం తడిపారు. కడుపులో నీళ్లుంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, మత్తు ఇవ్వడమూ కష్టమవుతుంది. కాళ్లు ఎత్తు మీద పెట్టాలని వీధిలో ఎవరో చెప్పినా తొడ వంకరగా ఉందని మీరు ఒప్పుకోలేదు. అదే సరి. ఎముకలు, వెన్ను బాగున్నవాళ్లకే కాళ్లు ఓ అడుగు ఎత్తాలి. దుప్పటి కప్పారు. ఒళ్లు చల్లబడితే నెత్తురు గడ్డకట్టే గుణం తగ్గుతుంది. జనవరి సాయంత్రమనే కాదు, మే నెల ఎండలోనూ నెత్తురు పోయినవాణ్ని కప్పే ఉంచాలి.

చిన్న చిన్న కోతలతో వచ్చినవాళ్లు చాలామందే. వాళ్లలో కొందరి వేళ్ల నిండా కాఫీపొడి, పసుపు, సున్నం. ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే పెడతారు, మాకు తెలుసు. కానీ మేము అదంతా కడిగి తీసేదాకా కుట్టు వేయలేం, ఆ కడగడమే వాళ్లకు గాయం కన్నా ఎక్కువ నొప్పి. కుళాయి కింద ఐదు నుంచి పది నిమిషాలు ధారగా కడగండి, శుభ్రమైన గుడ్డతో నొక్కండి, రండి. టీటీ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి. నెత్తురు పలచబడే మాత్రలు వాడేవాళ్లయితే ఆ చీటీ వెంట తెండి.

108కి ఫోన్ చేసి మెట్రో పిల్లర్ నంబరు, ఫ్లైఓవర్ అయితే ఎటు నుంచి ఎటు వెళ్లే వైపో చెప్పినవాళ్లకు వేరేగా థాంక్స్. 108 సర్వీసు 2005 ఆగస్టు 15న మొదలైంది మన హైదరాబాద్‌లోనే. అయినా బండి తప్పు వైపు ఎక్కితే మళ్లీ కిందికి దిగి తిరిగి రావడానికి పట్టే నిమిషాలు నెత్తురు పోయేవాడివే.

పోలీసు కేసు అవుతుందేమోనని గేటు దగ్గరే ఆగిపోయిన ఇద్దరు ముగ్గురిని చూశాం. భయపడకండి. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, 2019 సవరణలో మోటారు వాహనాల చట్టంలో చేరిన సెక్షన్ 134ఏ మీకు రక్షణ. రోడ్డు ప్రమాదంలో సదుద్దేశంతో సాయం చేసినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. పేరు, ఫోన్ నంబరు చెప్పమని బలవంతం చేయకూడదు. అడ్మిషన్ డబ్బులు కట్టమని ఆస్పత్రి మిమ్మల్ని అడగకూడదు, ఆపి ఉంచకూడదు.

పండుగ భోజనం వదిలేసి వచ్చి రక్తమిచ్చిన కాలేజీ పిల్లలకు మా దీవెనలు. మగపిల్లలు మళ్లీ 90 రోజుల తర్వాత, ఆడపిల్లలు 120 రోజుల తర్వాత ఇవ్వొచ్చు. ఆ రోజు రావడం మర్చిపోకండి.

ఇక మీ ఒంటి సంగతి. మీలో ఎవరి చేతికీ గ్లవ్స్ లేవు. చర్మం చెక్కు చెదరకుండా ఉంటే సబ్బుతో కడుక్కుంటే చాలు, భయం లేదు. వేళ్ల మీద తాజా కోతో గీతో ఉండి పేషెంటు నెత్తురు అందులో తగిలినా, కళ్లలో నోట్లో చిందినా, అక్కడ పిండకుండా, బ్లీచింగు లాంటివి రాయకుండా ధారగా నీళ్లతో కడిగి వెంటనే రండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ ఇవి దొరుకుతాయి. హెపటైటిస్ బి టీకా సంగతి కూడా అప్పుడే చూస్తారు. సంక్రాంతి రోజు సాయం చేసినవాళ్లకు ఎల్లుండితో గడువు అయిపోతుంది, ఈ రోజు, అంటే కనుమ నాడు, చేసినవాళ్లకు ఆ మర్నాటితో. అనుమానం ఉంటే మొహమాటపడకుండా రేపు పొద్దున్నే రండి.