ముందు కైకిలి లెక్క చూడు

నల్లగొండ

శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. పదో తరగతి దోస్తులంతా కలిసి నాలుగు లక్షలు పోగుచేసిన్రని, మీ ఊళ్ళె ఇరవై మంది ఆడోళ్ళకు తలా 20,000 ఇచ్చి ఏదన్న చిన్న వ్యాపారం పెట్టిద్దామనుకుంటున్నరని రాసినవు. చదివి శాన సంతోషమైందిరా. కుట్టుమిషన్లా, మేకలా అని అడిగినవు కదా, అది తర్వాత మాట. ముందు తెలుసుకోవాల్సింది వేరే ఉన్నది. పైసలు తీసుకునే ఆమె ఇప్పుడు ఏ నెలల ఎన్ని రోజులు కైకిలికి, అంటే కూలికి, పోతున్నది? నువ్వు పెట్టించే పని ఆ కైకిలిని ఎంత మింగుతది?

ఉమ్మడి మెదక్ జిల్లాల ఇట్లనే అతి పేద ఆడోళ్ళకు పశువులిచ్చి, శిక్షణ ఇచ్చి, ఇంటికి పోయి చూసుకుంటూ ఒక కార్యక్రమం నడిచింది. బాచెట్, మోర్డక్, షమిక రవి అనే ఆర్థికవేత్తలు దాని లెక్కలు 2015ల బయటపెట్టిన్రు. పశువుల మీద ఆదాయం పెరిగింది, కాని ఆ పశువుల వెంట ఉండవట్టి కైకిలి ఆదాయం తగ్గింది. అదే కాలంల పల్లెల్ల కూలి రేట్లు పెరగవట్టి, పశువులు తీసుకోనోళ్ళు గూడ అంతే ముందుకు పోయిన్రు. ఆఖరుకు తేడా మిగల్లేదు. అదే ఏడు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం ఆరు దేశాల ఫలితాలు చెప్పింది. అందుల మన దేశం నుంచి ఉన్నది పశ్చిమ బెంగాల్. అక్కడ ఇదే తీరు కార్యక్రమం మంచిగ నిలబడ్డది. అందుకే పద్ధతి మంచిదా చెడ్డదా అని కాదు, మీ ఊరి కూలి సంగతేందని చూడాలె.

కాబట్టి ఒక్కొక్క ఆమెతోని కూసొని, ముగ్గుపిండితోని నేల మీద నెలకొకటి చొప్పున పన్నెండు గడులు గీయించు. కైకిలి దొరికే ప్రతి ఐదు రోజులకు ఒక చింతగింజ పెట్టుమను. వానకాలం పత్తి గింజలు పెట్టుడు, కలుపు, నాట్లు, దసరా నుంచి పత్తి ఏరుడు, సంక్రాంతి తర్వాత యాసంగి నాట్లు. ఆ గడులల్ల గింజలు నిండుతయి. ఫిబ్రవరి ఆఖరు నుంచి మే దాక గడులు ఖాళీ పడతయి. ఆ ఖాళీ నెలలల్లనే ఇంటికి తాళం వేసి పట్నం వలస పోయేది. నీ పైసలు నింపాల్సింది ఆ గడులను, లేకుంటే రోజుల పొద్దుగూకినంక మిగిలే మూడు గంటలను.

దీనికి మన దిక్కు సరిగ్గ సరిపోయేది జొన్నరొట్టెల పని. వివరంగ రాస్త, ఎందుకంటే చూసేటందుకు అల్కగ ఉంటది, పాడయ్యేది చిన్న చిన్న దగ్గర. కిలో పిండికి పన్నెండు రొట్టెలు వస్తయి. ఐదు కిలోలకు అరవై. జొన్నలు కిలో 50 అనుకుంటే 250, గిర్ని 30, కట్టెలో గ్యాసో 50, కాగితాలు 10, మొత్తం 340. అరవైల ఐదు చినిగిపోయినయో మిగిలినయో తీసెయ్. 55 రొట్టెలు పదికి ఒకటి అమ్మితే 550. చేతికి 210 మిగిలినట్టు. నెలకు 25 రోజులకు 5,250, కైకిలి ఒక్క రోజు గూడ పోకుండ. ఈ ధరలు నేను అనుకున్నయి, మీ దగ్గరియి పెట్టుకొని మళ్ళ లెక్క చెయ్. రెండు పెనాలు, పొయ్యి, పీట, లైటు, ముప్పై కిలోల జొన్నలు, అన్నీ పది పన్నెండు వేలల్ల అయితయి.

ఇగ తప్పులు ఎక్కడ జరుగుతయంటే, నెలకు సరిపడ పిండి ఒక్కసారే పట్టించి పెడతరు. జొన్నపిండి పాతదైతే జిగురు పోతది, రొట్టె అంచులు పగులుతయి, తట్టంగనే చినుగుతది. మూడు నాలుగు రోజులకు సరిపడ మాత్రమే పట్టించాలె. మసిలే నీళ్ళు పోసి కలపకపోతే గూడ అంతే. కాల్చిన రొట్టెను వేడి మీదనే ప్లాస్టిక్ డబ్బాల మూతపెడితే చెమటపట్టి మెత్తగైతది, గాలికి పెడితే అట్టయితది. వెదురుగంపల నూలుబట్ట పరిచి కప్పి పెట్టాలె. అన్నిటికంటే పెద్ద తప్పు జాగ. సొంత ఊళ్ళె ఎవరి రొట్టె వాళ్ళే చేసుకుంటరు, ఎవరు కొంటరు? కొండమల్లేపల్లి చౌరస్తా, దేవరకొండ బస్టాండు, సాగర్ రోడ్డు మీద బండ్లాగే చోటు, ఇట్లాంటి దగ్గర పెట్టాలె. పొద్దుగూకినంక ఒంటరి ఆడామె రోడ్డు మీద ఉండుడు కష్టం గనుక ఇద్దరిద్దరిని జతచెయ్. తిరిగొచ్చే ఆటో ముందే మాట్లాడి ఆ కిరాయి గూడ ఖర్చుల రాయి. అది రాయకుంటే పైన చెప్పిన 210 అబద్ధమైతది.

మేకల సంగతి. ఇయ్యాల్రేపు ఇరవై వేలకు రెండు మంచి మేకలు వస్తే గొప్ప. చూడి ఐదు నెలలు, పిల్ల అమ్మేదాక ఇంకో ఆరేడు నెలలు. అంటే ఏడాది దాక పైస కనపడదు. పైగా రోజంతా వెంట తిరిగే మనిషి కావాలె. ఇంట్ల మేపగలిగే అత్తనో మామనో ఉంటేనే మేకలియ్యి, లేకుంటే వద్దు. వానలు పడకముందే చిటుక రోగం టీకా వేయించాలె. తొలకరికి లేత గడ్డి ఎగబడి మేసినప్పుడే అది మీదపడతది, మంచిగ ఉన్న మేక తెల్లారేసరికి పడిపోతది. పారుడు రోగం టీకా, నట్టల మందు గూడ పశువుల దవాఖానల అడుగు. బక్రీదుకు, దసరాకు ముందు అంగట్ల కొనకు, ధర మండుతుంటది.

కుట్టుమిషన్ మీద అందరికీ మోజు. ప్రతి ఊళ్ళె ఇప్పటికే నాలుగైదు ఉన్నయి, సగం మూలకు పడ్డయి. నేర్పినోళ్ళు కాగితం మీద కొలత నేర్పుతరు, ఒక్కొక్క మనిషి ఒంటికి కత్తిరించుడు రాదు. మొదటి గిరాకీ జాకెట్టు పాడైతే ఊరంతా తెలుస్తది, రెండోది రాదు. పాత చీరెలతోని ఇరవై ఐదు జాకెట్లు ఇరవై ఐదు మందికి కుట్టి తొడిగించినంకనే బయటి బట్ట ముట్టనియ్యి. కిరాణం దుకాణంకు ఉద్దెర, అంటే అప్పు మీద సామాను ఇచ్చుడే రోగం. మొత్తం సామానుల నాలుగో వంతు కంటె ఉద్దెర దాటితే ఆ వారం కొత్త ఉద్దెర బంద్ అని మొదటి రోజే గోడ మీద రాయించు.

ఇరవై మంది అన్నవు కదా, పదహారు మందికే ఇయ్యి. నాలుగు లక్షలు మొత్తం పంచేస్తే చేతుల ఏం మిగలదు. పదహారు మందికి 3,20,000 పోతే 80,000 ఉంటది. అందుల తలా 3,000 చొప్పున 48,000 దవాఖానకు, బియ్యానికి అక్కర పడితే ఇచ్చేందుకు పక్కన పెట్టు. పిల్లగానికి జ్వరమొస్తే పెనాలమ్ముకుంటరు, మేకనమ్ముకుంటరు. వ్యాపారం చేతకాక పోయేదానికంటె ఇట్ల పోయేదే ఎక్కువ. మిగిలిన 32,000 శిక్షణ సామాన్లకు, వారం వారం తిరిగే మనిషి బస్సు కిరాయికి. మొదటి మూడు నెలలు వారానికొకసారి ఇంటికి పోవాల్సిందే, తర్వాత పదిహేను రోజులకు.

పైసలు ఒక్కసారి ఇయ్యకు. మొదలు 12,000, మూడు నెలలకు 8,000. మొదటి దాంట్ల తప్పు జరిగితే రెండోదాంట్ల సర్దుకోవచ్చు. ఖాతా ఆమె పేరు మీదనే ఉండాలె, వేసే ముందు 100 రూపాయలు వేసి తీయించి చూడు. పాత మహిళా సంఘం అప్పు బకాయి ఉంటే కొన్ని చోట్ల ఖాతాను ఆపి పెడతరు, ఆ సంగతి బ్యాంకుల ముందే అడుగు. జూన్‌ల మాత్రం వెయ్యకు. విత్తనాలకు, ఎరువులకు, బడి ఫీజులకు పోతది, ఆమెను తప్పుపట్టి లాభం లేదు. యాసంగి నాట్లు అయిపోయిన ఫిబ్రవరిల వెయ్యి.

శిక్షణ రోజంతా పెడితే కైకిలి పోతది. పొద్దుగూకినంక రెండు గంటలు, ఎనిమిది రోజులు. చదువు రానోళ్ళకు మూడు డబ్బాలు చాలు. ఎర్రది పెట్టుబడి, పచ్చది ఇల్లు, తెల్లది దాచుడు. గల్లా రాంగనే ముందు ఎర్రదాంట్ల రేపటి జొన్నల పైసలు పడాలె, మిగిలిందే పచ్చదాంట్లకు. ఎనిమిది రోజులు ఉత్త చింతగింజలతోనే ఇది ఆడించు, చేతులకు అలవాటైతది. ఇంకా లోతుగ నేర్వాలంటే బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాలైన ఆర్‌సెటిలల్ల తిండి, వసతి ఉచితం. పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌ల స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ గూడ ఉన్నది. కాని చంటిపిల్లలున్నామె ఇల్లు విడిచి పోలేదు, ఆ కోరిక ఆమె మీద రుద్దకు.

ఎవరికియ్యాలనేది సర్పంచిని ఒక్కన్నే అడగకు. వాడకొక పెద్దమనిషిని, తండా నుంచి ఇద్దరిని కూసోబెట్టి ఊరి పటం గీయించి, ఒంటరి ఆడోళ్ళు, భూమి లేనోళ్ళు, ఏటా వలస పోయేటోళ్ళు ఎవరో ఇండ్లమీద గుర్తు పెట్టించు. తర్వాత ప్రతి ఇంటికి నువ్వే పో. అసలైన పేదామె పేరు ఆ పటంల గూడ రాదు చాన సార్లు. ఆమె సంఘంల ఉండదు, మీటింగ్‌కు రాదు. ఆరు నెలలు నిలబడినంక ఆమెను సంఘంల చేర్పించు. ఊళ్ళె సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య ద్వారా, మహిళా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి నుంచి అప్పు దొరుకుతది. తినే వస్తువులు చేసే సంఘం సభ్యులకు కేంద్రం సూక్ష్మ ఆహార శుద్ధి పథకంల తలా 40,000 దాక మూలధనం ఇచ్చేటోళ్ళు, ఇప్పుడు ఉన్నదో లేదో కనుక్కో. దరఖాస్తు సమాఖ్య నుంచే పోవాలె. ఆ అప్పులు మొదటి నెలల్నే ఎత్తించకు.

ముందు ఈ ఆదివారం ఒక్క పని చెయ్. కొండమల్లేపల్లి చౌరస్తాల సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాక నిలబడి, ఇప్పటికే రొట్టెలు అమ్మేటోళ్ళు ఎందరున్నరో, ఒక్కొక్కరు ఎన్ని అమ్ముతున్నరో లెక్కపెట్టి రాయి. ముగ్గురి కంటె ఎక్కువుంటే వేరే జాగ చూద్దాం. జొన్నల ధర గూడ అంగట్ల కనుక్కో. అమ్మను అడిగిన్నని చెప్పు.

నీ
రమేశ్