మా జిల్లాకూ ఒక వర్క్‌షాప్ కావాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో 2015లో గచ్చిబౌలిలో స్టార్టప్‌లకు ఊతమిచ్చే టీ-హబ్, 2023లో రాయదుర్గంలో కొత్త వస్తువుల నమూనాలు తయారుచేసుకునే టీ-వర్క్స్ వచ్చాయి. రెండూ మంచి పనులే. కానీ సిరిసిల్లలో ఉన్నవాడికి అవి ఎంత దూరమో చెప్పాలని ఈ లేఖ.

మా తమ్ముడు మరమగ్గాల మెకానిక్. పోగు తెగగానే మగ్గం దానంతటదే ఆగేలా, మా పాత మగ్గాలకు తక్కువ ఖర్చులో బిగించే పరికరం ఒకటి తయారుచేస్తున్నాడు. సెన్సర్ పెట్టే ప్లాస్టిక్ డబ్బాతోనే వచ్చింది తంటా. నూగు చేరి సెన్సర్ మూసుకుపోతోంది. డబ్బా మార్చి త్రీడీ ప్రింట్ తీయించాలంటే హైదరాబాద్ బస్సెక్కాలి, ఆ రోజు కూలి పోయినట్టే. మొన్న తెచ్చి బిగిస్తే రెండు మిల్లీమీటర్లు తేడా. మళ్లీ ప్రయాణం!

ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారు అమ్మ భుజాల నొప్పి చూడలేక, నేతకు ముందు నూలును పిన్నుల చుట్టూ చుట్టే ఆసు యంత్రం కనిపెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అలాంటి ఆలోచనలు పుట్టేది మగ్గం పక్కనే, పొలం గట్టునే. పనిముట్లు కూడా అక్కడే ఉండాలి కదా?

పక్క రాష్ట్రంలో కొత్త ఆవిష్కరణలకు తోడ్పడే రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌ను అమరావతితో ఆపకుండా విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురంలోనూ పెట్టారు. మన ప్రభుత్వం జిల్లాకొక ఐటీఐలో ఒక్క గది ఇవ్వాలి. త్రీడీ ప్రింటర్, లేత్ మిషన్, నేర్పే మనిషి ఒకరు ఉంటే చాలు. పనివాళ్లు వచ్చేది సాయంత్రాలే కాబట్టి రాత్రి తొమ్మిదిదాకా తెరిచి ఉంచాలి.

వచ్చే సోమవారం తమ్ముడు మూడోసారి బస్సెక్కుతున్నాడు.

– ఒక పాఠకుడు, సిరిసిల్ల