బోర్డు గేములూ, బ్యాంకు వాయిదాలూ

సంపాదకులకు నమస్కారం.

బోర్డు గేముల కంపెనీలు ఒకదాన్నొకటి కొనుక్కున్న వార్త ఎప్పుడొచ్చినా, బిజినెస్ పేజీలో ఎన్ని కోట్లు చేతులు మారాయో రాస్తారు, అక్కడితో సరి. ఆడేవాళ్ల సంగతి ఎవరూ రాయరు. నేను బ్యాంకులో కంపెనీలకు అప్పులిచ్చే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. సాయంత్రాలు బోర్డు గేములు ఆడతాను. రెండు వైపులా కాస్త తెలిసినవాడిగా నాలుగు మాటలు రాస్తున్నాను, వీలైతే వేయండి.

మా ఇంట్లో ఒకే అరలో ఏడు పెట్టెలున్నాయి: కటాన్, టికెట్ టు రైడ్, పాండెమిక్, అగ్రికోలా, డిక్సిట్, సెవెన్ వండర్స్, అజుల్. మూలన ఉన్న లోగో చూస్తే దేని కంపెనీ దానిదే. కటాన్ స్టూడియో, డేస్ ఆఫ్ వండర్, జీ-మ్యాన్, లుకౌట్, ఇలా ఏడు పేర్లు. యజమాని మాత్రం ఒక్కడే, ఫ్రాన్స్‌కు చెందిన అస్మోడీ. 2014లో డేస్ ఆఫ్ వండర్ అందులో కలిసింది. 2016లో కటాన్ ఇంగ్లీష్ హక్కులూ జీ-మ్యాన్, 2018లో లుకౌట్, ఆ తర్వాత మిగతావి.

అంతమాత్రాన ఆటలు తగ్గాయా అంటే, లేదు. ఏటా కొత్తవి వేలల్లో వస్తున్నాయి. జనం దగ్గర ముందే డబ్బు పోగుచేసుకునే కిక్‌స్టార్టర్ వెబ్‌సైటు వచ్చాక సొంతంగా అచ్చేసుకునేవాళ్లకూ కొదవ లేదు. కాబట్టి విలీనాలతో అంతా సర్వనాశనం అని గగ్గోలు పెట్టేవాళ్లతో నేను గొంతు కలపను. కంపెనీ పెద్దదైతే నాకేం బాధ లేదు. దాన్ని అప్పు చేసి పెద్దది చేస్తేనే నా టెన్షన్.

అస్మోడీనే చూడండి. 2018లో ఒక పెట్టుబడి సంస్థ దానికి సుమారు 120 కోట్ల యూరోల విలువ కట్టి కొంది. నాలుగేళ్లు తిరక్కుండానే, 2022లో, స్వీడన్‌కు చెందిన వీడియో గేముల కంపెనీ ఎంబ్రేసర్ గ్రూప్ 275 కోట్ల యూరోలు పెట్టి తీసుకుంది. మధ్యలో ఇంకొన్ని కంపెనీలు వచ్చి చేరాయనుకోండి. 2024కి ఎంబ్రేసరే ఇబ్బందుల్లో పడింది. తన అప్పులు తీర్చుకోవడానికి అస్మోడీ పేరున 90 కోట్ల యూరోల అప్పు తెచ్చింది. మరుసటేడు అస్మోడీని విడదీసి స్టాక్‌హోమ్ మార్కెట్లో లిస్ట్ చేసింది. చేసింది తల్లి, తీర్చాల్సింది పిల్ల! ఇలాంటి ఫైలు మా టేబుల్ మీదికొస్తే మేం మొదట అడిగేది ఒకటే: వాయిదా ఎక్కణ్ణుంచి కడతారు? కచ్చితంగా అమ్ముడయ్యే సరుకు చూపించమంటాం. మూడేళ్ల తర్వాత జనం మెచ్చుకోబోయే సరుకు మాకు అక్కర్లేదు.

టికెట్ టు రైడ్ 2004లో జర్మనీ వాళ్ల ‘స్పీల్ డెస్ యారెస్’ (ఈ ఏటి మేటి ఆట) అవార్డు గెలిచిన ఆట. 2018 నుంచి న్యూయార్క్, లండన్, ఆమ్‌స్టర్‌డామ్, శాన్ ఫ్రాన్సిస్కో, బెర్లిన్, పారిస్ పేర్లతో దానికి చిన్న పెట్టెలు వరసగా వచ్చాయి. చెడ్డవేం కావు. లండన్ పెట్టె నాకు ఇష్టం కూడా. రైళ్లకు బదులు డబుల్ డెక్కర్ బస్సులు, పావుగంటలో ఆట అయిపోతుంది. కానీ అది కొత్త బోర్డే తప్ప కొత్త ఆట కాదు. షాపు అరలో మాత్రం కొత్త ఆటకు కావలసినంత చోటూ తీసుకుంటుంది.

నాకు అసలు బెంగ నిదానంగా అమ్ముడయ్యే ఆటల గురించి. అమెరికాలో ఎస్‌పీఐ అని యుద్ధపు ఆటల కంపెనీ ఒకటుండేది. 1982లో టీఎస్ఆర్ అనే ఇంకో ఆటల కంపెనీ దానికి అప్పిచ్చింది, కొద్ది రోజులకే తిరిగి కట్టమంది, కట్టలేకపోయేసరికి ఆస్తులు తీసేసుకుంది. ఎస్‌పీఐ పత్రికకు జీవితకాల చందా కట్టినవాళ్లు కూడా ఆ దెబ్బకు మునిగారు. (మా బ్యాంకు కూడా అంత కర్కోటకురాలు కాదు.) అయినా అక్కడి డిజైనర్లు వీధిన పడలేదు, ఎందుకంటే పోటీ కంపెనీ అవలాన్ హిల్ ఉంది. అది వాళ్లలో చాలామందిని తీసుకుని విక్టరీ గేమ్స్ అని కొత్త విభాగమే పెట్టింది. అలా వెళ్లినవాళ్లలో ఒకరైన మార్క్ హెర్మన్ 1993లో ‘వీ ద పీపుల్’ తయారుచేశారు. సైన్యాన్ని ఇష్టమొచ్చినట్టు నడిపే వీలుండదు అందులో. చేతిలో ఏ కార్డుంటే ఆ మేరకే ఎత్తు. ఆ ఒక్క ఆలోచన నుంచి ఆటల్లో ఓ కొత్త శాఖే పుట్టింది. 2005లో వచ్చిన ‘ట్వైలైట్ స్ట్రగుల్’ దాని సంతానమే. అందులో ప్రత్యర్థికి మేలు చేసే కార్డు మన చేతికొచ్చినా, ఎప్పుడు ఆడితే నష్టం తక్కువో లెక్కేసుకుని ఆడాల్సి వస్తుంది. అది ఆడుతుంటే నాకు టైమే తెలీదు.

మరి అవలాన్ హిల్ అచ్చేసిన ఆ మూలమైన ‘వీ ద పీపుల్’ ఏమైంది? 1998లో అమెరికా బొమ్మల కంపెనీ హాస్బ్రో 60 లక్షల డాలర్లకు అవలాన్ హిల్‌ను కొంది. అంతకుముందే మిల్టన్ బ్రాడ్లీ, పార్కర్ బ్రదర్స్ అనే పాత ఆటల కంపెనీలు హాస్బ్రో చేతిలో ఉన్నాయి. అవలాన్ హిల్ సిబ్బందిని ఇంటికి పంపారు, యుద్ధపు ఆటల్లో చాలావాటి అచ్చు ఆగిపోయింది. హెర్మన్ తన ఆటను తానే మళ్లీ మలిచి, ‘వాషింగ్టన్స్ వార్’ అని పేరు మార్చి, 2010లో జీఎంటీ గేమ్స్ ద్వారా తెచ్చుకోవాల్సి వచ్చింది. పన్నెండేళ్లు పట్టింది!

ఆ జీఎంటీ పద్ధతి మాత్రం నాకు భలే నచ్చుతుంది. ముందు ఆట ప్రకటిస్తారు. ఐదు వందల మంది కొంటామని పేరిస్తేనే అచ్చుకు పంపుతారు, డబ్బు కూడా అప్పటిదాకా తీసుకోరు. అప్పు పెట్టి పందెం కాసే అవసరమే లేదు. ట్వైలైట్ స్ట్రగుల్ అలా వచ్చిందే.

విలీనాల వైపు కూడా న్యాయం లేకపోలేదు. చిన్న కంపెనీ పెట్టి పాతికేళ్లు కష్టపడినవాడికి దాన్ని అమ్ముకోవడమే పెన్షన్. ఒకే ఆట పది భాషల్లో, పది దేశాల్లో దొరకాలంటే పెద్ద చెయ్యి కావాల్సిందే. అమ్మేసినదాన్ని వెనక్కి తీసుకున్నవాళ్లూ ఉన్నారు. ప్లెయిడ్ హ్యాట్ కంపెనీని దాని స్థాపకుడు 2020లో అస్మోడీ దగ్గర తిరిగి కొనుక్కున్నాడు. అందరికీ అంత డబ్బూ ఓపికా ఉంటాయా అన్నది వేరే సంగతి.

నేను కోరేది చిన్న విషయం. ఆట రెండేళ్లపాటు అచ్చులో లేకపోతే హక్కులు డిజైనర్‌కి తిరిగి రావాలని ప్రతి కాంట్రాక్టులోనూ రాసుకోవాలి. కంపెనీ ఎన్ని చేతులు మారినా ఆ షరతు దాని వెంటే ఉంటుంది. సంతకం పెట్టే రోజున డిజైనర్ గట్టిగా పట్టుబడితే అయ్యే పనే ఇది. అమ్ముడుపోయిన తర్వాత కొత్త యజమాని కాళ్లావేళ్లా పడినా అవదు.

మీకూ ఒక మనవి. ఈసారి ఇలాంటి వార్త వేసినప్పుడు ధరతో పాటు ఇంకో రెండు సంగతులు కూడా రాయండి. కొన్న డబ్బులో అప్పు ఎంత, అచ్చు ఆగిన ఆటల హక్కులు ఎవరి దగ్గర ఉండిపోయాయి.

ఇట్లు,
మీ పాఠకుడు, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి