వీడియో పెడితే మిణుకుతున్న స్క్రీను, మీ జాబ్ షీటులోని "ఫిజికల్ డ్యామేజ్"పై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

అయ్యా,

పోయిన దసరా ఆఫర్లో మీ కంపెనీ ల్యాప్‌టాప్ కొన్నాను. ధర 52,990 రూపాయలు. వారంటీ ఇంకా నాలుగు నెలలుంది. బిల్లు కాపీ, సీరియల్ నంబరు, మీ సర్వీస్ సెంటర్ ఇచ్చిన రెండు జాబ్ షీట్లు ఈ లేఖకు జత చేశాను.

నేను రాజమహేంద్రవరంలో ఇంటి దగ్గరే పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతాను. కాంతి వక్రీభవనం లాంటి పాఠాలు బోర్డు మీద గీస్తే సగం మందికే ఎక్కుతాయి కాబట్టి ఆన్‌లైన్‌లో వీడియో పెట్టి చూపిస్తాను. పిల్లల కాళ్లకు వైరు తగులుతుందని ఛార్జర్ తీసేసి, ల్యాప్‌టాప్‌ను హాలు మధ్యలో స్టూలు మీద పెడతాను. ఈ ఛార్జర్ సంగతి దయచేసి గుర్తుంచుకోండి. మొత్తం కథ దాని మీదే నడిచింది.

మార్చి నుంచి వీడియో మొదలైన రెండు మూడు నిమిషాలకు స్క్రీను మొత్తం మిణుకుమంటోంది. స్టార్టర్ పోయిన ట్యూబ్‌లైటు ఎలా కొట్టుకుంటుందో అలా. ఒక్కోసారి ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. "టీచర్, కళ్లు లాగుతున్నాయి" అని పిల్లలు తల తిప్పేసుకుంటున్నారు. వర్డ్‌లో ప్రశ్నపత్రం టైపు చేసుకుంటే ఏమీ ఉండదు. డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న పాత వీడియోలు వేసినా ఉండదు. నెట్‌లో వీడియో నడిస్తేనే.

మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే బ్రౌజర్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపమన్నారు. ఆపాను. మిణుకు తగ్గిన మాట నిజమే. కానీ వీడియో విప్పే పనంతా గ్రాఫిక్స్ చిప్ బదులు ప్రాసెసర్ మీద పడి ఫ్యాను మిక్సీలా మోగింది, బొమ్మ ఆగి ఆగి నడిచింది, ఛార్జింగ్ సగం సేపు కూడా రాలేదు. తలనొప్పికి మందిచ్చి కడుపునొప్పి తెచ్చినట్టయింది. మళ్లీ ఆన్ చేసుకున్నాను. గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే గ్రాఫిక్స్ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, తీసేసి మీ వెబ్‌సైట్‌లోదే కొత్తగా వేశాం. అప్పుడూ అదే తంతు.

ఏప్రిల్‌లో మొదటిసారి సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. అయిదు రోజులు ఉంచుకుని, విండోస్ ఫార్మాట్ చేసి, "ప్రాబ్లం కనబడలేదు" అని రాసిచ్చారు. ఇంటికి తెచ్చిన సాయంత్రమే మళ్లీ మొదలైంది. మేలో రెండోసారి వెళ్లాను. ఈసారి కదలకుండా పక్కనే కూర్చున్నాను. మీ టెక్నీషియన్ ల్యాప్‌టాప్ తీసుకోగానే చేసిన మొదటి పని టేబుల్ మీది ఛార్జర్ పిన్ను గుచ్చడం. తర్వాత వీడియో పెట్టాడు. పావుగంట చూశాం, ఒక్కసారి కూడా మిణుకలేదు. "చూశారా మేడమ్, బాగానే ఉంది" అన్నాడు. "ఛార్జర్ తీసి చూడు బాబూ" అన్నాను. తీశాడు. మూడు నిమిషాలు కాకముందే కొట్టుకోవడం మొదలైంది.

అక్కడితో పని తేలాలి. తేలలేదు. అతను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో వేరే మానిటర్‌కు కలిపాడు. అందులో బొమ్మ నిలకడగా ఉంది. "అయితే స్క్రీనే పోయింది మేడమ్, మూత మీద ప్రెషర్ పడి ఉంటుంది, ఫిజికల్ డ్యామేజ్, వారంటీ వర్తించదు" అని స్క్రీను మార్చడానికి 9,800 రూపాయలు అవుతుందని రాశాడు. చూసినందుకు జీఎస్టీతో కలిపి 590 రూపాయలు కట్టించుకున్నారు.

స్క్రీను మీద గీత లేదు, మచ్చ లేదు, చిట్లు లేదు. మూత ముందుకీ వెనక్కీ ఆడిస్తే మిణుకు పెరగదు, తగ్గదు, కాబట్టి లోపలి కేబుల్ వదులై ఉంటుందని కూడా అనలేరు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రెషర్ పడి పాడైన స్క్రీను ఛార్జర్ గుచ్చగానే బాగుపడుతుందా? ఆ కుర్రాడిని నేను తప్పుపట్టడం లేదు. ఆ పూట అతని ముందు ఇంకో పదకొండు ల్యాప్‌టాప్‌లు వరసలో ఉన్నాయి. ఛార్జర్ తీసి పరీక్షించాలని అతనికి ఎవరూ నేర్పలేదు, అంతే.

ఇంటికొచ్చాక మా తమ్ముడి కొడుకు, నేను కలిసి కూర్చున్నాం. ముందు వీడియో పక్కన, ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపించే విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టాం. అది కూడా మిణుకుతుంటే డ్రైవర్‌ను అనుమానించాలని, అది కదలకుండా ఉంటే ఏదో అప్లికేషన్‌ను అనుమానించాలని మైక్రోసాఫ్టే చెబుతుంది. మా దాంట్లో టాస్క్ మేనేజర్ కూడా మిణుకింది. ఆ తర్వాత గ్రాఫిక్స్ సెట్టింగుల్లో పవర్ అన్నచోట, బ్యాటరీ మీద నడిచేటప్పుడు వర్తించేవాటిలో "ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్" ఆన్‌లో కనిపించింది. ఆఫ్ చేశాం. మిణుకు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే వచ్చింది. మూడు రోజులు ఇలా మార్చి మార్చి చూశాం. ఒక్కసారి కూడా తేడా రాలేదు.

ఇది ఎలా పనిచేస్తుందో మీకు తెలియదని కాదు, మీ జాబ్ షీటు రాసినవారి కోసం చెబుతున్నాను. ఈ స్క్రీను 60 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ అందుకుంటుంది. బొమ్మ మారనప్పుడు గ్రాఫిక్స్ చిప్ ఊరుకుంటే, ప్యానెల్ తన దగ్గర దాచుకున్న బొమ్మనే చూపిస్తూ ఉంటుంది. ఈ ఏర్పాటు పేరే ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్. కరెంటు ఆదా కోసం చేసింది, మంచిదే. వీడియోలో మామూలుగా సెకనుకు అన్ని కొత్త బొమ్మలు ఉండవు కాబట్టి, మధ్యమధ్యలో చిప్ ఇలా ఆగుతూ అందుకుంటూ ఉంటుంది. ఇందులో చిప్ పని ఆపి మళ్లీ అందుకునే ఆ క్షణం సాఫీగా జరగాలి. నా ల్యాప్‌టాప్‌లో జరగడం లేదు. బయటి మానిటర్‌కు ఈ ఏర్పాటుతో పని లేదు, అందుకే అందులో బొమ్మ కదల్లేదు. మీ టెక్నీషియన్ దేన్ని చూసి స్క్రీను పోయిందన్నాడో, నా మాటకు అదే సాక్ష్యం.

లోపం డ్రైవర్‌లో ఉందో, బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్‌లో) ఉందో, ప్యానెల్ లోపలి చిప్‌లో ఉందో తేల్చాల్సింది మీరు. అన్నీ మీరు ఇచ్చినవే. నేను కింద పడేసింది, మీద కూర్చున్నది ఏదీ లేదు. స్క్రీన్ రికార్డింగ్‌లో ఈ మిణుకు పడదు కాబట్టి ఫోన్‌తో తీసిన రెండు వీడియోలు మెయిల్‌కు జత చేశాను. ఒకటి ఛార్జర్ పెట్టి, ఒకటి తీసేసి.

జాబ్ షీటులో "ఫిజికల్ డ్యామేజ్" అన్న మాట కొట్టేసి, సరిచేసిన కాపీ పంపండి. రేపు ఇంకేదైనా పాడైతే ఆ ఒక్క మాట చూపించి వారంటీ లేదంటారన్నది నా అసలు టెన్షన్. నా 590 రూపాయలు తిరిగి ఇవ్వండి. సరైన డ్రైవర్ గానీ బయోస్ అప్‌డేట్ గానీ ఇవ్వండి, అవి లేకపోతే ప్యానెల్‌ను ఉచితంగా మార్చండి. ఆ సెట్టింగ్ ఆపేసుకుని వాడుకోండి అనకండి. ప్రస్తుతానికి అలాగే వాడుతున్నాను, కానీ విండోస్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ అది మళ్లీ ఆన్ అయిందేమోనని వెతుక్కోవడం నా పని కాదు.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. నేను ఉంటున్న చోటే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. అంతదాకా రాకూడదనే ఇంత వివరంగా రాశాను.

టెక్నీషియన్‌ను ఇంటికి పంపేటట్లయితే ఉదయం పంపండి. సాయంత్రం అయిదు నుంచి ఏడున్నర దాకా ట్యూషన్, ఫోన్ కూడా ఎత్తలేను.

ఇట్లు,
మీ ల్యాప్‌టాప్ కొన్న వినియోగదారురాలు,
రాజమహేంద్రవరం