వంట యాప్ పొద్దున్నే పలకరించాలి

సంపాదకులకు నమస్కారం.

రాత్రి వంటకు పట్టే సమయాన్ని తగ్గించే యాప్‌ను ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టుగా ఎంచుకున్న మా మేనకోడలు, మొన్న దాని నమూనాను నా చేత వాడించి చూసింది. పితికిపప్పు కూరకు ఎంతసేపు పడుతుందని అడిగితే 25 నిమిషాలని చూపింది. చిత్తూరు వైపు చలికాలంలో ఆ కూర వండేవారెవరికైనా నవ్వు రాక మానదు. అనపకాయలు ఒలిచి, గింజలను గంటల తరబడి నానబెట్టి, ఒక్కొక్క గింజనూ వేళ్ల మధ్య పితికి తోలు తీసిన తరువాత మొదలయ్యే లెక్క అది. అసలు పనంతా అంతకు ముందే అయిపోయి ఉంటుంది.

సాయంత్రం 7 గంటలకు పొయ్యి ముందు నిలబడ్డాక ఎన్ని వంటకాలు చూపినా కలిసివచ్చే సమయం తక్కువ. రేపు రాత్రికి ఏం వండాలో ఈ రోజే తేల్చి, గింజలు నానబెట్టమని పొద్దున్నే గుర్తుచేసే యాప్ ఉంటే నాబోటి ఉద్యోగినులకు నిజంగా మేలు. ఆ తరువాత పనుల వరుస చెప్పాలి. సంగటికి ఉడుకుతున్న బియ్యంలో రాగిపిండి పోసి మూత పెట్టాక, పిండి ఆవిరికి మగ్గేలోపు చెనిక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) నూరుకోవచ్చునని అలవాటైన చేతికి తెలుసు గానీ, కొత్తగా కాపురం పెట్టినవారికి ఎవరో ఒకరు చెప్పాలి. గెలికేటప్పుడు రెండు చేతులూ కట్టె మీదే ఉంటాయి కనుక, తెర తాకే పని లేకుండా ఆ మాట తెలుగులో వినిపించాలి. మన వైపు తెలుగు కూడా దానికి తెలియాలి సుమా! ఉల్లిపాయలను మా వాడుకలో ఎర్రగడ్డలు అన్నందుకు ఈ నమూనా నాకు బీట్‌రూట్ కూర చూపింది.

ఇంకొక్క విషయం. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో ఆడవారు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవారు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. గింజలు నానబెట్టమనే హెచ్చరిక ఇల్లాలి ఫోనులోనే మోగితే ఆమెకు మరొక పని పెరిగినట్టే. అది ఇంట్లోని అన్ని ఫోన్లకూ వంతులవారీగా వెళ్లేలా మార్చమన్నాను. మొదట వాళ్ల నాయన ఫోనులోనే పెట్టి చూస్తానని మా మేనకోడలు మాటిచ్చింది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తిరుపతి