నా పళ్లు నిలబెట్టిన డాక్టరమ్మలకు

అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రిలో చిగుళ్ల విభాగం వాళ్లకు నలుగురిలో థ్యాంక్స్ చెప్పాలని నెల రోజులుగా అనుకుంటున్నాను. ఇవాళ షాపుకి సెలవు, తీరిక దొరికింది.

నాది చిన్న కర్రీ పాయింట్. రెండేళ్లుగా బ్రష్ చేసినప్పుడల్లా నురగ ఎర్రగా వచ్చేది. వేడి చేసిందని మజ్జిగ తాగేదాన్ని. తర్వాత నోటి వాసన మొదలైంది. గిరాకీలతో మాట్లాడేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయింది. వాళ్లు మర్యాద అనుకుని ఉంటారు. కింది ముందు పళ్లు నాలుగు కదలడం మొదలయ్యాక ఒక క్లినిక్‌కి వెళ్తే, ఎక్స్‌రే కూడా తీయకుండా, నాలుగూ పీకేసి కట్టించుకోమన్నారు. అడ్వాన్సు ఎంత కట్టాలో మాత్రం వివరంగా చెప్పారు.

పక్కింటి వదిన పోరు పడలేక అఫ్జల్‌గంజ్ వెళ్లి ఓపీ చీటీ రాయించుకున్నాను. నన్ను చూసిన పీజీ డాక్టరమ్మది మా పెద్దమ్మాయి ఈడు. గీతలున్న సన్నటి పుల్లలాంటి దానితో ఒక్కో పంటి చుట్టూ కొలుస్తూ తను అంకెలు చెబుతుంటే ఇంకొకరు రాసుకున్నారు. చిగురు బాగుంటే ఆ లోతు 3 మిల్లీమీటర్లు దాటదట. నాకు కొన్నిచోట్ల 7. పాచి గట్టిపడి గారైంది, గార చిగురు కిందికి దిగింది, పంటిని పట్టుకునే ఎముక అరిగింది అని ఎక్స్‌రేలో వేలు పెట్టి చూపించింది. ఆ తర్వాత, "అమ్మా, షుగర్ ఎప్పుడు చూపించుకున్నారు?" అంది. పంటికోసం వస్తే రక్తపరీక్ష ఏమిటని విసుక్కున్నాను. తల్లీ, ఆ విసుగుకి సారీ. మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్షలో (HbA1c) 9.4 వచ్చింది. షుగర్ దిగకపోతే చిగుళ్లు మానవు, చిగుళ్లలో చీముంటే షుగర్ ఒక పట్టాన దిగదు అని తనే మందుల డాక్టరు దగ్గరికి పంపింది.

రెండు విడతల్లో మత్తిచ్చి చిగురు కిందిదాకా క్లీనింగ్ చేశారు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయని మా అత్తగారు ముందే బెదరగొట్టారు. మర్నాడు నిజంగానే నాలుకకి సందులు తగిలేసరికి నా గుండె జారిపోయింది. చన్నీళ్లు తాగితే జివ్వుమనేది. ఏడుపు మొహంతో వెళ్తే, "ఆ సందులు ఎప్పుడో పడ్డాయమ్మా, ఇన్నాళ్లూ గార పూడ్చి పెట్టింది. ఇప్పుడు వాపు కూడా తీసింది కదా" అని అద్దం పట్టి చూపించింది. కదిలే పళ్లను లోపలివైపు సన్న తీగతో కలిపి కట్టారు. ఒకచోట లోతు తగ్గకపోతే చిగురు తెరిచి శుభ్రం చేసి కుట్లేశారు.

అన్నిటికన్నా కష్టమైంది పుక్కిలించే మందు, క్లోర్‌హెక్సిడిన్. రెండు వారాలు వాడేసరికి నోట్లో రుచి పోయింది. కూరలమ్ముకునేదానికి నాలుక పనిచేయకపోతే ఇంకేముంది! ఉప్పూ కారం చూసే పని చిన్నమ్మాయిది అయింది. పప్పుచారు రెండుసార్లు ఉప్పు కషాయమైనా ఏమీ అనకుండా పట్టుకెళ్లిన గిరాకీలకు కూడా ఇక్కడే థ్యాంక్స్. మందు ఆపాక రుచి తిరిగొచ్చింది.

47 ఏళ్ల వయసులో నాకు బ్రష్ పట్టుకోవడం నేర్పిన పెద్ద మేడమ్‌కి దండం. కుట్లేసేటప్పుడు చెయ్యి వదలని సిస్టర్‌కి, ఆస్పత్రి రోజుల్లో నా కౌంటర్లో కూర్చున్న వదినకి కూడా. మూడు నెలల తర్వాత షుగర్ 7.6. అందులో మాత్రలదే పెద్ద వాటా, చిగుళ్లు మానడం వల్ల కూడా కొంత తగ్గుతుందట. నాలుగు పళ్లూ నోట్లోనే ఉన్నాయి. ఒకదాని మీద మాత్రం గ్యారంటీ ఇవ్వలేనని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ మాట దాచనందుకే తనంటే నాకు ఇంకా గురి.

పోయినసారి గోంగూర పచ్చడి డబ్బా తీసుకెళ్తే వద్దంటే వద్దంది. తనది హాస్టల్ తిండని తర్వాత తెలిసింది. వచ్చే నెల మళ్లీ చెకప్ ఉంది. రెండు డబ్బాలు తెస్తున్నాను, వద్దంటే టేబుల్ మీద పెట్టేసి వస్తాను.