మారియోను ఆడించింది కంప్యూటర్ కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

మారియో ఆటను ఐదు నిమిషాల్లోపు ముగించిన వీడియో గురించి మీ ఆదివారం అనుబంధంలో చిన్న వార్త వేశారు. మరుసటి వారం దాని మీద రెండు ఉత్తరాలు అచ్చయ్యాయి. ఒకాయన ‘పచ్చి మోసం’ అన్నారు. ఇంకొకాయన ‘కంప్యూటర్ ఆడుకుంటే మనం చప్పట్లు కొట్టడమేంటి’ అన్నారు. తిట్టొద్దని నేను అనను. కానీ ఆ వీడియోలో ఎక్కడ ఏం నచ్చలేదో ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు. నా పేచీ అక్కడే.

నేను ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. మిర్చి సీజన్‌లో తల ఎత్తే తీరిక ఉండదు. మిగతా రోజుల్లో పిల్లలు పడుకున్నాక ఇలాంటి రన్‌లు, అంటే ఆటను వీలైనంత వేగంగా ముగించే ప్రయత్నాలు చూసి, చేసినవాళ్లకు నా అభిప్రాయం రాసి పంపుతుంటాను. ఇందులో పైసా రాదు. మా ఆయన దృష్టిలో ఇది పిచ్చి, అయినా కరెంటు బిల్లు ఆయనే కడతాడు.

ముందు ‘కంప్యూటర్ ఆడింది’ అన్న మాట సంగతి చూద్దాం. వీటిని టూల్ అసిస్టెడ్ స్పీడ్‌రన్‌లు అంటారు, ముద్దుగా టాస్. పాత వీడియో గేమ్ మెషీన్‌లా నటించే ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆటను ఒక్కో ఫ్రేమ్ చొప్పున ఆపుకుంటూ ముందుకు జరుపుతారు. మన చిన్నప్పటి మారియోలో సెకనుకు సుమారు 60 ఫ్రేములు. నేను వాడే ఎఫ్‌సీఈయూఎక్స్ అనే ఎమ్యులేటర్‌లో టాస్ ఎడిటర్ తెరిస్తే పెద్ద పట్టిక వస్తుంది. అడ్డ వరసకు ఒక ఫ్రేము, నిలువు గడికి ఒక బటన్: నాలుగు దిక్కులు, ఏ, బీ, స్టార్ట్, సెలెక్ట్. ఏ ఫ్రేములో ఏ బటన్ నొక్కి ఉండాలో మనిషే గడి గడికీ పెడతాడు. నచ్చకపోతే వెనక్కి వెళ్లి చెరిపి మళ్లీ పెడతాడు. ఐదు నిమిషాల ఆటంటే అలాంటి వరసలు 18 వేల దాకా ఉంటాయి. చివరికి మిగిలేది వీడియో కూడా కాదు, ఆ బటన్ల జాబితా. దాన్ని మొదటి నుంచి నడిపిస్తే ఆట ప్రతిసారీ ఒకేలా సాగుతుంది. ఎందుకంటే ఆ పాత ఆటలో నిజమైన అదృష్టం అంటూ ఏమీ లేదు. 8-3లో, అంటే ఎనిమిదో ప్రపంచం మూడో లెవెల్‌లో, సుత్తులు విసిరే జంట ఎప్పుడు విసరాలన్నది కూడా ఫ్రేము ఫ్రేముకూ మారే అంకెల లెక్కే. చేతితో ఆడేవాడు దండం పెట్టుకునే చోట టాస్ చేసేవాడు ఆ లెక్క చూసుకుని, అవసరమైతే ఒక ఫ్రేము ఆగి దూకుతాడు.

ఇక మోసం అన్న మాట. చేసినవాడు ‘నేను చేత్తో ఆడాను’ అని చెప్పుకుంటే మోసమే, అందులో రెండో మాట లేదు. ఆ అపోహకు మాత్రం పాత చరిత్ర ఉంది. 2003లో మోరిమోటో అనే జపాన్ ఆటగాడు సూపర్ మారియో బ్రదర్స్ 3ను సుమారు 11 నిమిషాల్లో ముగించిన వీడియో ఇంటర్నెట్‌లో తిరిగింది. టూల్స్ సంగతి తెలియని జనం మొదట నోరెళ్లబెట్టారు, తెలిశాక దొంగ అన్నారు. మీ అనుబంధంలోనూ అచ్చం అదే జరిగింది. వార్తలో ‘టూల్స్‌తో చేసినది’ అన్న ఒక్క మాట లేకపోవడం వల్లే ఆ రెండు ఉత్తరాలూ వచ్చాయని నా అనుమానం.

ఇప్పుడు అభిప్రాయం చెప్పడం గురించి. మా దుకాణానికి రైతు వచ్చి ‘నా తక్‌పట్టీ (సరుకు లెక్క చీటీ) తప్పు’ అని ఊరికే అంటే ఏం చేయలేం. తూకంలోనా, ధరలోనా, హమాలీ కోతలోనా అని వేలు పెట్టి చూపిస్తే అప్పటికప్పుడు సరిచేస్తాం. రన్‌ల విషయంలోనూ నాది అదే పద్ధతి. ఫ్రేము నంబరు లేకుండా ఒక్క వాక్యం రాయను.

కాజీపేటలో డిప్లొమా చదివే మా చుట్టాల పిల్లగాడు ఒక రాత్రి ఫోన్ చేశాడు. “పిన్నీ, మొదటి లెవెల్‌ల ఐదు ఫ్రేములు కొట్టేసిన, చూడు” అన్నాడు. ఫైల్ తెప్పించుకుని చూశాను. మారియో జెండా కర్ర పట్టుకోవడం నిజంగానే ఐదు ఫ్రేములు ముందు జరిగింది. కోటలోకి పోయాక తర్వాతి లెవెల్ మొదలయ్యేది మాత్రం పాత రన్‌లో ఏ ఫ్రేముకో సరిగ్గా ఆ ఫ్రేముకే. ఈ ఆటలో ఒక పితలాటకం ఉంది. లెవెల్ అయిపోయిందా లేదా అని ఆట 21 ఫ్రేములకు ఒకసారే చూస్తుంది. ముందొచ్చినా ఆ గడువు దాకా ఆగాల్సిందే. కాబట్టి దానికి ముందటి గడువును అందుకునేంత ఆదా అయితేనే లాభం, లేదంటే ఆ కష్టం గాల్లో కలిసినట్టే. ఆ లెక్క లేనిది చివరి 8-4లోనే. అక్కడ ఆట చివర ఉండే గొడ్డలి తాకగానే టైమ్ ఆగుతుంది గనుక ప్రతి ఫ్రేమూ విలువైనదే.

ఇదంతా చెప్తే పిల్లగాడు డల్ అయిపోయాడు. “మరి ఆ ఐదు ఫ్రేములు ఏం చేసుకోవాలె?” అన్నాడు. జెండాకు ముందు ఎక్కడైనా ఖర్చు పెట్టు, ఒక తాబేలు నెత్తిన అనవసరంగా దూకు, చూసేవాళ్లు నవ్వుతారు అన్నాను. తర్వాతి ఫైల్‌లో దూకించాడు. టైమ్ మారలేదు, రన్ మాత్రం బాగుపడింది. మోరిమోటో వీడియోలో జనానికి గుర్తుండిపోయినవీ ఇలాంటివే. తెర దానంతటదే కదిలే లెవెళ్లలో ఎవరూ ఒక్క సెకను కూడా తగ్గించలేరు. అతను ఆ ఖాళీలో శత్రువుల నెత్తి మీద నుంచి కింద పడకుండా గెంతుతూ పోతాడు.

వేగం, నైపుణ్యం, చూడముచ్చట: ఈ మూడూ ఒకటి కాదు. అదే మారియో 3లో ఇప్పుడు మూడు నిమిషాల ప్రాంతంలోనే ఆట ముగించే దారి ఉంది. ఏడో ప్రపంచం మొదటి లెవెల్‌లో తాబేళ్లను ఫలానా చోట్లకు చేర్చి, దారి లేని పైపులోకి దిగితే, ఆట ఆ స్థానాల అంకెలనే ఆదేశాలుగా చదివి చివరి దృశ్యానికి దూకేస్తుంది. కనిపెట్టిన బుర్రకు దండం పెట్టాల్సిందే. చూడటానికి మాత్రం నాకు చప్పగా ఉంటుంది, ఆటంతా మింగేసినట్టు. ఆ దారిలో రన్ చేసినవాళ్లకు ఈ రెండు మాటలూ రాస్తాను, రెండింటినీ కలిపేయను. 2014 జనవరిలో అమెరికాలో క్యాన్సర్ నివారణ నిధుల కోసం జరిగిన గేమింగ్ మారథాన్‌లో, నిజమైన సూపర్ నింటెండో మెషీన్‌కు బటన్ల జాబితా పంపి సూపర్ మారియో వరల్డ్‌లోనే పాంగ్, స్నేక్ ఆటలు నడిపించారు. అది కూడా ఇలాంటి లొసుగే, కానీ ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. ఇష్టానికి కారణం చెప్పమంటే కష్టమే.

ఇంకో మాట. ఈ టాస్‌ల వల్ల చేత్తో ఆడేవాళ్లకు అన్యాయం జరుగుతోందన్నది కూడా నిజం కాదు. టూల్స్‌తో బయటపడిన కిటుకులు నేర్చుకుని వాళ్లు రికార్డులు తగ్గించుకుంటూ వచ్చారు. మొదటి మారియోలో నేడు మనిషి రికార్డుకూ టూల్స్ రన్‌కూ మధ్య తేడా సెకను కూడా లేదు. ఇద్దరి నియమాలు వేరు, రికార్డుల పట్టికలు వేరు. టాస్‌లో ఎడమ, కుడి ఒకేసారి నొక్కించవచ్చు. అసలు కంట్రోలర్ మీద ఆ ప్లస్ గుర్తు బటన్ అలా నొక్కనివ్వదు. అందుకే ఏ రన్ వచ్చినా నేను మొదట అడిగేది అది వాడారా లేదా అనే.

మీకు నా విన్నపం చిన్నదే. ఇకపై ఇలాంటి వీడియో గురించి వేసినప్పుడు టూల్స్‌తో చేసిందా, చేత్తో ఆడిందా అన్నది శీర్షిక కిందే వేయండి. టూల్స్ అయితే ఏ ఎమ్యులేటరో కూడా ఒక ముక్క రాయండి, మా పిల్లగాడిలాంటి వాళ్లకు పనికొస్తుంది. ‘పచ్చి మోసం’ అన్న పెద్దాయన ఆ వీడియోను ఇంకోసారి చూసి, ఏ నిమిషం ఏ సెకను దగ్గర అనుమానం వచ్చిందో రాస్తే, ఆ ముక్కను ఫ్రేము ఫ్రేముగా చూసి జవాబు రాసే పూచీ నాది. శని, ఆదివారాలు మార్కెట్‌కు సెలవు.

– ఒక పాఠకురాలు,
లేబర్ కాలనీ, వరంగల్